సిలబస్‌లో లేని డార్విన్ గురించి చెప్పినందుకు గొడవ, మీరైతే ఏం చేస్తారు?

బయాలజీ_టీచరమ్మ
నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి బయాలజీ చెప్తాను, సీబీఎస్‌ఈ. అనువంశికత పాఠం నడుస్తుంటే ఒక పిల్లవాడు లేచి, "మేడమ్, మనుషులు కోతుల నుంచి వచ్చారంట, నిజమేనా?" అని అడిగాడు. అడిగాడు కదా అని మిగిలిన పీరియడ్ అంతా డార్విన్ గురించి చెప్పాను. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. నా క్లాసులో అట్లా జరగడం చాలా తక్కువ.

మర్నాడు ఒక పేరెంట్ వచ్చి ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నారు. "ఈ మేడమ్ పిల్లలకు దేవుడు లేడని చెప్తోంది" అట. నేను దేవుడి ఊసే ఎత్తలేదు. రోజూ ఇంట్లో దీపం పెట్టి బడికి వచ్చేదాన్ని. ప్రిన్సిపాల్ గారు మాత్రం దేవుడి జోలికి పోలేదు, తెలివైనవారు. "పుస్తకంలో లేనిది మీకెందుకమ్మా" అన్నారు.

ఆ మాట నిజమే. కరోనా తర్వాత పిల్లలకు భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు పదో తరగతిలో పరిణామం (జీవులు తరతరాలుగా మారుతూ కొత్త రకాలయ్యే తీరు) భాగాన్ని పక్కన పెట్టారు. 2023 నాటి కొత్త పుస్తకంలో పాఠం పేరులోంచి కూడా అది ఎగిరిపోయి ఒట్టి 'అనువంశికత' మిగిలింది. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది. అంటే పది అయ్యాక ఎంపీసీకో కామర్స్‌కో పోయే పిల్లవాడు ఈ పాఠం ఇక ఎప్పుడూ వినడు. మా క్లాసులో సగానికి పైగా ఎంపీసీకి పోయేవాళ్లే.

మళ్లీ ఎవరైనా అడిగితే "సిలబస్‌లో లేదు, కూర్చో" అనాలా? ఇక్కడ టీచర్లూ పేరెంట్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

పాలమూరు_పిలగాడు
ప్రిన్సిపాల్ మాట వినండి అక్కా. నెల మొదట్లో జీతం వేసేది ఆయన, డార్విన్ కాదు.

నాస్తిక_నల్లగొండ
దీనికి చర్చ కూడానా? డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. మనోళ్లకు ఇంకా మింగుడు పడలేదు. ఆ పేరెంట్‌ను చూస్తేనే తెలుస్తోంది, ఆయన చెట్టు మీంచి ఇంకా పూర్తిగా దిగలేదు.

సాగర్_కాలువ
కోతులు మన పూర్వీకులైతే నాకో లీగల్ డౌటు. మా పెరట్లో జామచెట్టు, ఇంటి మీద పెంకులు, డాబా మీద ఆరబెట్టిన పల్లీలు అన్నీ ఇప్పటికే వాటి స్వాధీనంలో ఉన్నాయి. పిత్రార్జితమని కోర్టుకు పోతే గెలుస్తాయా?

వనపర్తి_వాణి
@సాగర్_కాలువ మా వైపు కోతుల కోసం పండ్ల మొక్కలు నాటి 'మంకీ ఫుడ్ కోర్టు' అని బోర్డు పెట్టారు. అవి అక్కడ తినకుండా సరాసరి మా వంటింటికే వస్తున్నాయి. పిలవకుండా వచ్చి, పెట్టకుండా తిని, తిట్టినా కదలకుండా కూర్చుంటాయి. చుట్టాలే, డౌటు లేదు.

దేవరకొండ_బ్రదర్
నవ్వులాట పక్కన పెడదాం. నేను ఆ పేరెంట్ వైపు. దేవుడు తన స్వరూపంలో మనిషిని చేశాడని మేం నమ్ముతాం. నా కూతురు బడి నుంచి వచ్చి "డాడీ, మనం కూడా జంతువులమేనంట" అంటే నాకు బాధ ఉండదా? మనిషి జంతువే అయితే తప్పొప్పులకు లెక్కేముంది?

ఇంకో మాట. ఒక జీవి ఇంకో జీవిగా మారడం ఎవరైనా కళ్లతో చూశారా? చూడనిది నమ్మమంటే అది కూడా విశ్వాసమే. మా విశ్వాసం బడిలో చెప్పనివ్వరు, మీది మాత్రం పాఠమని చెప్తారు.

జువాలజీ_సార్
నేను జూనియర్ కాలేజీలో చెప్తాను. బ్రదర్ అడిగిన "ఎవరు చూశారు" అన్నదే 2018లో ఒక కేంద్ర సహాయ మంత్రి గారు కూడా అన్నారు. కోతి మనిషి కావడం చూశామని మన పెద్దలెవరూ చెప్పలేదు కాబట్టి డార్విన్ తప్పని. దేశంలో ఉన్న మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాట సరికాదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ముందుగా, ఇప్పుడున్న కోతి మనిషి అయిందని ఎవరూ అనలేదు. మన పెదనాన్న పిల్లలు మనకు తాతలు కారు. వాళ్లకూ మనకూ తాత ఒక్కడు, అంతే. చింపాంజీకీ మనకూ వరస అది. ఆ తాత సుమారు 60, 70 లక్షల ఏళ్ల కింద ఉండి పోయాడు. పెరట్లో జామకాయలు తినే కోతి ఇంకా చాలా దూరపు చుట్టం. @సాగర్_కాలువ కేసు నిలవదు.

చూడకుండా ఎట్లా చెప్తారంటే, చింపాంజీకి 24 జతల క్రోమోజోములు (కణంలో జన్యువులుండే పోగులు), మనకు 23. ఇద్దరికీ తాత ఒక్కడే అయితే ఆ ఒక్క జత ఏమైనట్టు? ఎక్కడో రెండు కలిసిపోయి ఒకటై ఉండాలి. వెతికారు. మన రెండో నంబరు క్రోమోజోములో అతుకు దొరికింది. క్రోమోజోము కొసల్లో మాత్రమే ఉండాల్సిన డీఎన్‌ఏ వరుస దీంట్లో మధ్యలో ఉంది, రెండు కొసలు ఎదురెదురుగా వచ్చి అంటుకున్నట్టు. సెంట్రోమియర్ (క్రోమోజోముకు నడుము లాంటి భాగం) ఒకటి పని చేస్తోంది, రెండోది పాడుబడి అక్కడే పడి ఉంది. ఇది ఊహించి వెతికితే దొరికింది బ్రదర్. దొరికాక అల్లిన కథ కాదు.

నాస్తిక_నల్లగొండ
దిమ్మ తిరిగిందా బ్రదర్?

అడ్మిన్_మూసీ
నాస్తిక గారూ, చెట్టు మీంచి దిగలేదన్నది ఒకటి, ఇది రెండు. మూడోది పడితే వారం రోజులు సెలవు తీసుకుంటారు.

దేవరకొండ_బ్రదర్
సార్ మర్యాదగా చెప్పారు, సంతోషం. కానీ ఇద్దరినీ చేసినవాడు ఒక్కడే అయినప్పుడు ఇద్దరిలో పోలికలు ఉండవా? పోలిక ఉంటే చుట్టరికమేనని ఎట్లా అంటారు?

జువాలజీ_సార్
మంచి ప్రశ్న. పనికొచ్చే వాటిలోనే పోలిక ఉంటే మీరన్నట్టే అనుకోవచ్చు. పనికిరాని వాటిలో కూడా ఉంది. మెదడు నుంచి గొంతుకు వచ్చే నరం ఒకటి నేరుగా గొంతుకు రాదు. ఛాతీ దాకా దిగి, గుండె దగ్గరి రక్తనాళం చుట్టూ తిరిగి, మళ్లీ పైకి వస్తుంది. జిరాఫీలో అయితే జానెడు దూరానికి మీటర్ల కొద్దీ చుట్టు తిరుగుడు. చేపలో అదే నరానికి అది దగ్గరి దారి, ఎందుకంటే చేపకు మెడ లేదు. మెడ తర్వాత పెరిగింది, నరం పాత దారినే పట్టుకుని సాగింది. కొత్తగా గీసేవాడు ఇట్లా గీయడు.

నల్లగొండ_మేరీ
దేవరకొండ బ్రదర్‌కు ఒక మాట. క్రైస్తవులందరి తరఫున మాట్లాడొద్దు. నేను క్యాథలిక్‌ను. మా పోపు జాన్ పాల్ 2 గారే 1996లో పరిణామ సిద్ధాంతం ఊహ స్థాయి దాటిందని చెప్పారు. శరీరం ఎట్లా వచ్చిందన్నది సైన్సు వాళ్లు చూసుకోవచ్చు, ఆత్మ దేవుడిచ్చింది అన్నది మా పట్టు. సిస్టర్స్ నడిపే బడిలో చదివాను, ఈ పాఠం మాకు ఒక సిస్టరే చెప్పారు.

దేవరకొండ_బ్రదర్
మీ చర్చి వేరు, మాది వేరు సిస్టర్. మాకు బైబిల్ ఆదికాండంలో రాసిందే లెక్క.

అలంపూర్_సంగమం
ఇదంతా మన దశావతారాల్లో ముందే ఉంది. నీళ్లలో మత్స్యం, నీళ్లలోనూ నేల మీదా కూర్మం, నేల మీద వరాహం, సగం జంతువు సగం మనిషి నరసింహుడు, పొట్టి మనిషి వామనుడు. వరస చూడండి. 2019లో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలరే డార్విన్ కంటే ఇది మెరుగని అన్నారు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లు. సైన్సు లెక్కలో భూమి వయసు 454 కోట్లు. మైక్రోస్కోపు లేకుండా అంత దగ్గరికి ఎట్లా వచ్చారు? టీచరమ్మ ఇది చెప్తే ఏ పేరెంటూ గొడవకు రారు.

సాగర్_కాలువ
భూమి వయసు మైక్రోస్కోపుతో చూస్తారా అన్నా?

గుట్ట_నరసన్న
సంగమం గారూ, నేను యాదగిరిగుట్ట కింద పుట్టి పెరిగినవాడిని. స్వాతి నక్షత్రం నాడు గిరిప్రదక్షిణ వీలైనంతవరకు మానను. మీరన్నది వింటే నాకు సంతోషం కలగడం లేదు, కష్టంగా ఉంది.

ప్రహ్లాదుడు పిలిస్తే స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి ఆయన. ఆయన్ని పందికీ పొట్టివాడికీ నడుమ ఒక మెట్టు అంటున్నారు. పొగడ్త అనుకుంటున్నారు గానీ ఎంత తక్కువ చేస్తున్నారో చూసుకోండి. పోనీ మీ వరసనే పట్టుకుందాం. పరశురాముడూ రాముడూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారు, వాళ్లిద్దరూ రెండు వేరు వేరు జాతులా? పక్షులు ఏ అవతారం? చీమలు, చెట్లు? దశావతారాలు ఎవరిని ఎప్పుడు కాపాడాడో చెప్పే కథలు. జంతువులు ఎట్లా పుట్టాయో చెప్పడానికి ఎవరూ రాయలేదు. మన స్వామికి డార్విన్ సర్టిఫికెట్ ఎందుకు?

టీచరమ్మకు నా మాట, చెప్పండి తల్లీ. మా మనవడు బైపీసీ. పరిణామం చదివాడు, పరీక్ష రాశాడు, మార్కులు తెచ్చుకున్నాడు, శనివారం నాతో కొండకు వచ్చాడు. ఏమీ కాలేదు.

అలంపూర్_సంగమం
మీ భక్తిని తప్పు పట్టడం లేదు. కానీ 432 కోట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

జువాలజీ_సార్
చెప్తాను. అదే లెక్కలో బ్రహ్మకు రాత్రి ఇంకో 432 కోట్లు. ఆయన ఆయుష్షు నూరేళ్లు, మన ఏళ్లలో 311 లక్షల కోట్లు. సైన్సు లెక్కలో విశ్వం వయసే 1,380 కోట్లు. పది అంకెల్లో ఒకటి దగ్గరగా వస్తే దాన్ని చూపించి, రాని వాటి గురించి మాట్లాడకపోతే ఎట్లా? అంత పెద్ద కాలాన్ని ఊహించడానికి ధైర్యం కావాలి, అది మన పెద్దలకు ఉంది, ఒప్పుకుంటాను. యూరప్‌లో ఒక బిషప్ గారు సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని లెక్క కట్టారు.

కాలం అంటే గుర్తొచ్చింది. నల్లగొండ వాళ్లు లతీఫ్ సాబ్ గుట్ట వైపు చూస్తే చాలు. మన గుట్టల గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. అందుకే మన గుట్టల్లో శిలాజాలు దొరకవు. అప్పటికి జంతువులూ లేవు, ఉన్నా ఆ వేడిలో మిగలవు. ఇసుక, బురద పొరలు పేరుకున్న గోదావరి వైపు పోతే దొరుకుతాయి. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి.

పాలమూరు_పిలగాడు
ఆ రాక్షసబల్లి మనదా? ఇన్నేళ్లు అమెరికా నుంచి తెచ్చారనుకున్నా.

మెట్టుగడ్డ_భాయ్
మా వైపు నుంచి కూడా ఒక మాట ఉండాలి కదా. ఆదం అలైహిస్సలాంను అల్లా మట్టితో చేశాడని మా ఈమాన్, అంటే విశ్వాసం. దాని మీద బేరం లేదు. జంతువులు, చెట్లు కాలంతో మారాయంటే మాలో చాలామందికి పేచీ లేదు, మనిషి దగ్గరికి వచ్చేసరికే ఆగుతారు. మా చెల్లెలు డాక్టర్. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపొద్దని పేషెంట్లను రోజూ తిడుతుంది, మిగిలిన క్రిములు మొండివై పోతాయని. అదీ పరిణామమేనట. ఆమె నమాజు మానలేదు, పేషెంట్లను తిట్టడమూ మానలేదు.

పత్తి_రైతు_చండూరు
ఇంతమంది చదువుకున్నోళ్ల నడుమ నేను మాట్లాడొచ్చో లేదో గానీ, ఎవరు చూశారని అడుగుతున్నారు కదా, మేం చూశాం. పత్తి చేనులో.

బీటీ పత్తి 2002లో వచ్చింది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును విత్తనంలో పెట్టారు, కాయ కొరికిన పురుగు చస్తుంది. మొదట్లో నిజంగానే చచ్చింది, మందు డబ్బాల ఖర్చు తగ్గింది. 2006లో రెండు జన్యువులతో బీజీ-2 వచ్చింది. 2010కల్లా గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకానికి చావడం లేదని బయటపడింది. ఇంకో నాలుగైదేళ్లకు బీజీ-2కు కూడా లొంగలేదు. ఇప్పుడు నవంబర్ వచ్చిందంటే మాకు భయం. పువ్వు విచ్చుకోదు, రేకులు మెలిపెట్టుకుని గుడ్డిపువ్వు అవుతుంది, విప్పితే లోపల పురుగు. కాయ పైకి నున్నగా, పచ్చగా, ఏ రోగం లేనట్టే ఉంటుంది. పగలగొడితే ఒక అర తెల్లగా ఉండి పక్క అర నల్లగా ముద్దకట్టి ఉంటుంది, గింజ తొలుచుకుని పురుగు లోపల ముడుచుకుని పడుకుంటుంది. కూలోళ్లు ఆ పత్తి ఏరమంటే ఏరరు.

వ్యవసాయ అధికారి మేడమ్ రైతు వేదికలో చెప్పింది, పురుగు మందును చూసి నేర్చుకోలేదు అని. లక్షల్లో ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఆ విషం పట్టదు. మిగతావన్నీ చచ్చాయి, అవి మిగిలాయి. మిగిలినవాటికి మిగిలినవే జత. వాటి పిల్లలతో చేను నిండింది. అందుకే విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చి చుట్టూ వేయమనేవారు. అక్కడ మామూలు పురుగులు బతకాలి, మొండివాటితో కలవాలి, అప్పుడు పుట్టేవి మళ్లీ బీటీకి చస్తాయని లెక్క. మా ఊర్లో ఆ ప్యాకెట్ వేసినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వేసినోళ్లకు కూడా కొన్ని మొలవలేదు.

దీన్ని డార్విన్ అంటారో ఏమంటారో నాకు తెల్వదు. చేనుకు కొబ్బరికాయ కొట్టి విత్తినోడి దగ్గరా, కొట్టనోడి దగ్గరా పురుగు ఒక్క తీరే చేసింది.

వనపర్తి_వాణి
ఈ పోస్టును ఆ ప్రిన్సిపాల్‌కు ప్రింటు తీసి ఇవ్వాలి.

బయాలజీ_టీచరమ్మ
పత్తి రైతు గారూ, నేను క్లాసులో ఇంగ్లండ్ చిమ్మటల కథ చెప్పాను, మసి పట్టిన చెట్ల మీద నల్ల చిమ్మటలు మిగిలాయని. పిల్లలు తల ఊపారు గానీ ఎవరికీ పట్టలేదు. సగం మంది ఇళ్లల్లో పత్తి ఉంటుంది.

దేవరకొండ_బ్రదర్
రైతు అన్న చెప్పింది కాదనను, మా చేనులోనూ అదే. కానీ అన్నా, పురుగు పురుగుగానే ఉంది కదా? మొండిది అయింది, అంతే. కాకి కాలేదు. చిన్న చిన్న మార్పులు నేనూ ఒప్పుకుంటాను. ఒక జాతి ఇంకో జాతి అవ్వడం దగ్గరే నా పేచీ.

అలంపూర్_సంగమం
ఇక్కడ మాత్రం బ్రదర్‌తో ఏకీభవిస్తున్నా. రాసి పెట్టుకోండి, మళ్లీ జరగదు.

జువాలజీ_సార్
పత్తి పురుగు మారింది ఇరవై ఏళ్లలోపే. కోట్ల ఏళ్లిస్తే ఏమవుతుందో చూడటానికి ఎవరూ కూర్చోలేరు, రాళ్లలో చూడాలి. ఒక ముచ్చట చెప్తాను. తిమింగలం చేప కాదని, పాలిచ్చే జంతువని మనకు తెలుసు. అయితే నేల మీద నడిచిన దాని పూర్వీకులు ఎవరు? ఎ. రంగారావు గారని మన భారత భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ వైపు కాలాకోట్‌లో రాళ్లు సేకరించి పెట్టుకున్నారు. ఆయన పోయాక వాటిని ఆయన భార్య అమెరికా శాస్త్రవేత్త థెవిస్సెన్‌కు ఇచ్చారు. అక్కడ రాయి శుభ్రం చేస్తుంటే టెక్నీషియన్ చేతిలో ఒక పుర్రె విరిగింది. విరిగిన చోట చెవి ఎముక బయటపడింది. ఆ చెవి ఎముక లోపలి అంచు మందంగా ఉంది. అట్లా ఉండేది తిమింగలాలకు. జంతువు మాత్రం నాలుగు కాళ్లతో చిన్న జింకంత ఉంది. ఇండోహ్యుస్ అని పేరు, సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటిది, 2007లో ప్రకటించారు. పాకిస్తాన్ రాళ్లలో దొరికిన పాకిసెటస్ అనే తొలి తిమింగలం, ఆ తర్వాతవి వరసగా పెడితే కాళ్లు కురచవుతూ పోతాయి, ముక్కు రంధ్రాలు నెత్తి మీదికి జరుగుతూ పోతాయి. కాకి అయిందా అంటే కాలేదు. జింకంత జంతువు చుట్టాలు మాత్రం సముద్రంలో దిగి తిమింగలాలయ్యాయి.

నాస్తిక_నల్లగొండ
సెలవు భయంతో మర్యాదగా అడుగుతున్నా. బ్రదర్, ఇంత చూపించినా ఒప్పుకోకపోవడానికి కారణం ఏంటి?

దేవరకొండ_బ్రదర్
మర్యాదగా అడిగారు కాబట్టి మర్యాదగానే చెప్తా. అసలు మొదటి జీవి ఎట్లా వచ్చింది? రాయిలోంచి ప్రాణం వస్తుందా? అది చెప్పకుండా మధ్య నుంచి మొదలుపెట్టి అంతా తెలుసంటే ఎట్లా?

జువాలజీ_సార్
అంతా తెలుసని నేను అనలేదు. 1953లో మిల్లర్, యూరీ అమ్మోనియా, మీథేన్, నీటి ఆవిరి, హైడ్రోజన్ కలిపి కరెంటు మెరుపులిస్తే అమైనో ఆమ్లాలు వచ్చాయి. అమైనో ఆమ్లాలు జీవం కాదు. అక్కడి నుంచి మొదటి కణం దాకా దారి ఇంకా పూర్తిగా తేలలేదు. డార్విన్ చెప్పింది ప్రాణం వచ్చాక ఇన్ని రకాలు ఎట్లా అయ్యాయని.

దేవరకొండ_బ్రదర్
అయితే అక్కడ దేవుడున్నాడు. సరిపోయింది.

గుట్ట_నరసన్న
బ్రదర్, అక్కడ ఖాళీ ఉందని దేవుడిని తెచ్చి కూర్చోబెడుతున్నారు. రేపు ఎవరో ఆ ఖాళీ నింపుతారు. అప్పుడు దేవుడిని లేచి పక్కకు జరగమంటారా? మీ దేవుడైనా నా దేవుడైనా తెలియనిచోట మాత్రమే ఉండేవాడు కాదు కదా.

మెట్టుగడ్డ_భాయ్
నరసన్న గారూ, ఇది మా మౌల్వీ సాబ్‌కు వినిపించాలి.

నాస్తిక_నల్లగొండ
నేను దేవుడిని నమ్మను గానీ నరసన్న గారితో చాయ్ తాగడానికి గుట్టకు వస్తా.

గుట్ట_నరసన్న
రా నాయనా. పులిహోర ప్రసాదం కూడా ఇప్పిస్తా, తింటే నాస్తికత్వం ఏమీ పోదు.

మునుగోడు_నీళ్లు
చర్చ పైకి పోయింది, నేను మళ్లీ కిందికి తెస్తున్నా. టీచరమ్మా, మీరు నల్లగొండలో ఉండి ఫ్లోరైడ్ సంగతి క్లాసులో చెప్పకపోతే ఎట్లా? మా మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి మా మేనమామకు మోకాళ్లు వంగిపోయాయి, నడుము లేవదు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆయనకు పిల్లనివ్వడానికి పక్క మండలం వాళ్లు భయపడ్డారు, "పుట్టే పిల్లలు కూడా వంకర కాళ్లతోనే పుడతారు" అని. పెళ్లి అయింది. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చాక పెరిగిన చిన్నోడికి కాళ్లు కర్రల్లా తిన్నగా ఉన్నాయి, కబడ్డీ ఆడుతాడు. ఆ బోరు నీళ్లే తాగుతూ పెరిగిన పెద్దోడికి మాత్రం పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలున్నాయి.

లామార్క్ అనే ఆయన బతుకులో వచ్చిన మార్పు పిల్లలకు పోతుందన్నాడని మేం చదువుకున్నాం. ఆయన చెప్పింది నిజమైతే మా మండలంలో ఇంకో వందేళ్లు తిన్నటి మనిషి పుట్టకూడదు. వంగింది ఎముక, జన్యువు కాదు. జనం ఇప్పటికీ ఇది తెలియక సంబంధాలు చెడగొట్టుకుంటున్నారు.

జువాలజీ_సార్
లామార్క్‌కు దీనికంటే గట్టి జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన పుస్తకం అచ్చయింది 1809లో. డార్విన్ పుట్టిందీ ఆ సంవత్సరమే. ఇది అనువంశికత పాఠంలోకి నేరుగా వస్తుంది. ఏ మార్పు పిల్లలకు పోతుంది, ఏది పోదు అన్నది పదో తరగతి సిలబస్సే. టీచరమ్మా, ఇది చెప్పడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

పాలమూరు_పిలగాడు
సార్ మేడమ్‌కు దొడ్డిదారి చూపిస్తున్నారు.

జువాలజీ_సార్
దొడ్డిదారి కాదు తమ్మీ, ముందు వాకిలే. 2023లో ఆ భాగం తీసేసినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు మళ్లీ పెట్టమని ఉత్తరం రాశారు. పెట్టలేదు. కానీ చెప్పొద్దని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. పరీక్షలో అడగరు, అంతే తేడా.

వనపర్తి_వాణి
నేను పేరెంట్‌గా చెప్తున్నా. ఆ తండ్రి చెడ్డవాడని నేననుకోను. ఇంటికి వెళ్లిన పిల్లవాడు ఏం చెప్పాడో ఎవరికి తెలుసు? మా వాడు "నాన్నా, నువ్వు కోతివి" అని మేడమ్ చెప్పిందని ఇంట్లో ప్రకటించేవాడు, ఖాయం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఆయన్ని కూర్చోబెట్టి, పిల్లవాడి నోట్సు తీసి చూపించండి. అందులో దేవుడు లేడని ఎక్కడుందో ఆయన్నే వెతకమనండి.

దేవరకొండ_బ్రదర్
వాణి గారి మాట బాగుంది. నా కూతురికి ఎవరైనా ఈ పాఠం చెప్తే నేనూ నోట్సు చూస్తా. ఒప్పుకోను, కానీ ప్రిన్సిపాల్ గదికి మాత్రం పోను. ఇంట్లో నా మాట నేను చెప్పుకుంటా.

నాస్తిక_నల్లగొండ
ఇది చాలు బ్రదర్, ఇంతకంటే ఎవరూ అడగడం లేదు.

అలంపూర్_సంగమం
దశావతారాల గురించి నా అభిప్రాయం మారలేదు. నరసన్న గారు పరశురాముడి సంగతి అడిగారు, దానికి జవాబు వేరే పోస్టు పెడతాను.

సాగర్_కాలువ
జామచెట్టు గురించి కూడా అందులోనే తేల్చండి.

బయాలజీ_టీచరమ్మ
అందరికీ థ్యాంక్స్. అనువంశికతలో ఇంకా క్లాసులు మిగిలి ఉన్నాయి. ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టి పత్తి పురుగు దగ్గరికి వస్తాను. ఆ పేరెంట్‌కు నేనే ఫోన్ చేసి, వీలైతే వచ్చి వెనక బెంచీలో కూర్చోండి అని చెప్పాను. చూస్తామన్నారు. ప్రిన్సిపాల్ గారు "చేనులోకి తీసుకెళ్లడం మాత్రం వద్దు, బస్సు ఖర్చు" అన్నారు.

పత్తి రైతు గారూ, పురుగు పట్టిన కాయలు ఓ పదిహేను దొరుకుతాయా? ఎట్లా తీసుకురావాలి, దారిలో పురుగు చస్తుందా?

పత్తి_రైతు_చండూరు
పదిహేనేంది మేడమ్, బస్తా పట్టుకపోండి. చావదు, అది చచ్చేదే అయితే నాకు ఈ బాధ ఎందుకు. పగిలిన కాయ వద్దు, పచ్చి కాయ తెంపి గుడ్డ సంచిలో వేసి ఇస్తా, ప్లాస్టిక్ కవరు అయితే చెమ్మ పట్టి కుళ్లుతుంది. పిల్లలతోనే పగలగొట్టించండి. అయిపోయాక స్కూల్ ఆవరణలో పారేయొద్దు, కాల్చేయండి, లేకపోతే రెక్కల పురుగై పక్క చేనుకు పోతుంది. ఆదివారం పొద్దున ఏరుడు ఉంది, ఆ రోజు వస్తే మా ఇంటామె కట్టి పెడుతుంది.